ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ నిజంగా పాడైందా? మార్చే ముందు ఇలా పరీక్షించండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కాన్ చేస్తే ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత కొలిచేది) పేరు కనిపించింది. కొత్తది వేయించారు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే లైటు, అదే కోడ్. "ఇప్పుడు ఏం మార్చాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం పద్ధతి ఒకచోట రాయడం మేలనిపించింది.

ముందుగా ఒక మాట. కోడ్ చెప్పేది "సెన్సర్ పాడైంది" అని కాదు. "ఆ సెన్సర్ సర్క్యూట్‌లో ఏదో తేడా ఉంది" అని మాత్రమే. సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు దాని కనెక్టర్, వైర్లు, ఆ వైర్లు చేరే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కూడా ఉంటాయి. సెన్సర్ లోపల కదిలే భాగం ఒక్కటీ ఉండదు. కనెక్టర్ మాత్రం ఇంజిన్ వేడికి ఎండుతూ, తేమకి తడుస్తూ, అదురుకి ఊగుతూ ఉంటుంది. అందుకే నేను అనుమానం మొదట కనెక్టర్ మీదే పెట్టుకుంటాను. సెన్సర్ కొనడం చివరి మెట్టుగా ఉంచండి.

ఇది ఎలా పనిచేస్తుంది? అవసరమైనంత వరకే

సెన్సర్ లోపల ఒక థర్మిస్టర్ ఉంటుంది. గాలి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ఈసీయూ తనలో ఉన్న ఒక రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, సిగ్నల్ వైరు మీద ఎంత వోల్టేజీ నిలిచిందో చూసి ఉష్ణోగ్రత లెక్కగడుతుంది. వైరు తెగితే పూర్తి 5 వోల్టులూ అలాగే ఉండిపోతాయి. ఈసీయూ దాన్ని విపరీతమైన చలిగా అర్థం చేసుకుని మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంది. సిగ్నల్ వైరూ, గ్రౌండ్ వైరూ (బ్యాటరీ నెగెటివ్ వైపు చేరేది) ఒకదానికొకటి తగిలితే వోల్టేజీ సున్నాకి పడిపోతుంది. అప్పుడు 120 డిగ్రీలు దాటిన వేడి కనిపిస్తుంది. ఇది గుర్తుంటే చాలు, కింది పరీక్షలన్నీ దీని మీదే నడుస్తాయి.

సెన్సర్ చెడితే కారు ఆగిపోవడం చాలా అరుదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి సతాయించడం, ఐడ్లింగ్ నిలకడగా లేకపోవడం, మైలేజీ కొంచెం పడిపోవడం, పికప్ మందగించడం వంటివి కనిపించవచ్చు. లోపలికి వెళ్ళే గాలిని నేరుగా కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ లేకుండా, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే పైపులు) ప్రెషర్ సెన్సర్‌తో గాలిని లెక్కగట్టే ఇంజిన్లలో ప్రభావం ఎక్కువ. వాటిలో గాలి సాంద్రత తెలియాలంటే ఈ ఉష్ణోగ్రతే ఆధారం. చాలా కార్లలో లైటు వెలగడం తప్ప ఇంకేమీ తెలియదు కూడా.

కావలసినవి

- ఓబీడీ2 స్కానర్. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఈఎల్‌ఎం327 రకం చిన్న అడాప్టర్ అయినా సరిపోతుంది. లైవ్ డేటా (సెన్సర్ల రీడింగులు అప్పటికప్పుడు) చూపించడం మాత్రం తప్పనిసరి. కోడ్ చదివి చెరిపేయడం మాత్రమే చేసే పరికరంతో ఈ పని సగం కూడా అవదు.
- డిజిటల్ మల్టీమీటర్.
- వేరే థర్మామీటర్ ఒకటి. డిజిటల్‌ది, సన్న ప్రోబ్ ఉన్నదైతే మంచిది.
- హెయిర్ డ్రయ్యర్.
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. సెన్సర్ ఎయిర్ ఫ్లో సెన్సర్‌తో కలిసి ఉంటే ఎయిర్ ఫ్లో సెన్సర్ క్లీనర్ విడిగా కావాలి.
- కనెక్టర్ వెనక నుంచి దూర్చడానికి సన్నటి బ్యాక్ ప్రోబ్ పిన్నులు.
- మీ కారు వైరింగ్ డయాగ్రమ్. రెండు వైర్ల సెన్సర్‌కి లేకపోయినా నడుస్తుంది. నాలుగైదు వైర్లున్న దానికి ఇది లేకుండా ఆరో మెట్టులో పిన్నుల్ని వైరు ముక్కతో కలిపే పరీక్ష జోలికి వెళ్ళకండి.

వీలైతే 2.2 కిలో ఓమ్స్, 330 ఓమ్స్ రెసిస్టర్లు ఒక్కొక్కటి పెట్టుకోండి. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

సెన్సర్ ఎక్కడ ఉంటుంది?

ఎయిర్ ఫిల్టర్ బాక్సు మీద గానీ, అక్కడి నుంచి థ్రాటిల్ వైపు వెళ్ళే పైపు మీద గానీ, రెండు వైర్ల చిన్న ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే అదే. అక్కడ లేకపోతే ఎయిర్ ఫ్లో సెన్సర్‌లోనే కలిసి ఉండవచ్చు. దాని కనెక్టర్‌లో సాధారణంగా నాలుగైదు వైర్లు ఉంటాయి. ఇంకొన్ని కార్లలో మ్యానిఫోల్డ్ మీద ప్రెషర్ సెన్సర్‌తో కలిసి నాలుగు వైర్లతో ఉంటుంది. టర్బో ఇంజిన్లలో తరచుగా రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి టర్బోకి ముందు, ఇంకొకటి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) తర్వాత. కోడ్ వాటిలో దేని గురించో చూసుకోకుండా పని మొదలుపెడితే బాగున్నదాన్ని పీకి కూర్చుంటారు.

చేతులు పెట్టే ముందు జాగ్రత్తలు

ఇంజిన్ చల్లారాక పని చేయండి. ఇగ్నిషన్ ఆపినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, కాబట్టి చేతులు, వదులు బట్టలు దూరంగా ఉంచండి. సెన్సర్ కనెక్టర్ (దీన్నే ప్లగ్ అంటున్నాను) పీకేటప్పుడూ పెట్టేటప్పుడూ ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండాలి. వైరు పట్టుకుని లాగకండి. లాక్ నొక్కి ప్లగ్ శరీరాన్నే పట్టుకుని తీయండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, లాక్ విరిగితే అదే కొత్త సమస్యకి మూలమవుతుంది.

1. కోడ్ చదవండి, వెంటనే చెరపకండి

ఏ కోడ్ వచ్చిందో రాసుకోండి. వాటి అర్థం ఇదీ:

- పీ0110: సర్క్యూట్‌లో లోపం, ఏమిటో విడమర్చి చెప్పదు.
- పీ0111: రీడింగ్ వస్తోంది కానీ నమ్మేలా లేదు.
- పీ0112: వోల్టేజీ తక్కువ.
- పీ0113: వోల్టేజీ ఎక్కువ.
- పీ0114: రీడింగ్ ఉండుండి తెగిపోతోంది.
- పీ0095 నుంచి పీ0099 వరకు: ఇవే లోపాలు రెండో సెన్సర్‌లో.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. పీ0112లో తక్కువ అంటున్నది వోల్టేజీని, ఉష్ణోగ్రతని కాదు. వోల్టేజీ తక్కువైతే ఈసీయూకి గాలి బాగా వేడిగా కనిపిస్తుంది, అంటే ఎక్కడో షార్ట్ ఉందేమో వెతకాలి. పీ0113 అయితే గాలి మైనస్ 40లో ఉన్నట్టు కనిపిస్తుంది, అంటే తెగిన వైరు, ఊడిన ప్లగ్, పట్టులేని పిన్ను వెతకాలి. ఈ తేడా పట్టుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే అదీ చూడండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం ఎంతో అందులో ఉంటాయి. ఎప్పుడూ వేగంగా వెళ్తున్నప్పుడే పడుతోందంటే అదురుకి వదులయ్యే కనెక్టర్‌ని అనుమానించవచ్చు. కోడ్ చెరిపితే ఈ సమాచారం కూడా పోతుంది. అందుకే తొందరపడొద్దన్నది.

కోడ్ వచ్చే ముందు ఎవరైనా ఎయిర్ ఫిల్టర్ మార్చారా? గుర్తు తెచ్చుకోండి. ఫిల్టర్ మార్చాక ప్లగ్ పెట్టడం మరిచిపోవడం, సగమే నొక్కడం మామూలే. పీ0113 విషయంలో మొదట చూడాల్సింది ఇదే.

2. పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు

నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఇది. పైగా ఏదీ విప్పనక్కర్లేదు.

కారుని రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు, నీడలో ఆపి ఉంచండి. పొద్దున ఎండ తగలకముందే ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయకండి. స్కానర్‌లో రెండు రీడింగులు చూడండి: ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత. పక్కన మీ థర్మామీటర్‌తో బయటి గాలి ఎంతుందో కొలవండి.

అంతా చల్లారి ఉంది కాబట్టి మూడూ ఇంచుమించు ఒకటే కావాలి. 3 నుంచి 5 డిగ్రీల తేడా మామూలే. అంతకు మించి ఉంటే ఏది ఒంటరిగా నిలిచిందో చూడండి. కూలెంట్, థర్మామీటర్ రెండూ 24 అంటుంటే ఇన్‌టేక్ 9 చూపిస్తోందా? తేడా ఇన్‌టేక్ సర్క్యూట్‌లోనే. ఇన్‌టేక్, థర్మామీటర్ కలిశాయి, కూలెంట్ విడిపోయిందా? మీరు వెతకాల్సింది వేరే సెన్సర్‌ని. రెండింటినే పోల్చి తీర్పు చెప్పకండి, మూడో సాక్షి ఉండాలి.

రీడింగ్ మైనస్ 40 దగ్గర కదలకుండా ఉంటే సర్క్యూట్ తెగినట్టు. 120 దాటి ఉంటే షార్ట్ అయినట్టు. ఈ రెండు సందర్భాల్లో మూడో మెట్టు వదిలేసి నాలుగుకి వెళ్ళండి.

3. నడుపుతూ గమనించండి

ఫోన్ వైపు చూసే పని పక్కన కూర్చున్నవాళ్ళకి అప్పగించండి, లేదా రికార్డు చేసి ఆగాక చూసుకోండి. నడుపుతూ మీరే చూడొద్దు.

నిలకడగా ఓ వేగంలో పది పదిహేను నిమిషాలు వెళ్తే, టర్బో లేని కారులో ఇన్‌టేక్ రీడింగ్ బయటి గాలి కన్నా కొన్ని డిగ్రీలు మాత్రమే ఎక్కువుంటుంది. ట్రాఫిక్‌లో ఆగితే మెల్లగా పెరుగుతుంది, కదిలితే మళ్ళీ దిగుతుంది. టర్బో కారులో ఇంటర్‌కూలర్ తర్వాతి సెన్సర్ ఇంకొంచెం వేడి చూపిస్తుంది, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు పెరుగుతుంది కూడా. అది లోపం కాదు.

గ్రాఫ్‌లో గీత మెల్లగా వంగుతూ పోవాలి. 35 దగ్గరున్నది ఒక్కసారిగా మైనస్ 40కి పడి, మరుక్షణం మళ్ళీ 35కి వచ్చిందంటే గాలి అలా మారదు కదా, కనెక్షన్ తెగి అతుక్కుంటోంది.

ఒక పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి. వేడి ఇంజిన్‌ని ఆపి, పావుగంట తర్వాత స్టార్ట్ చేసి, రీడింగ్ 60 చూడగానే టెన్షన్ పడిపోతారు. బానెట్ కింద ఆగిన వేడంతా ఇన్‌టేక్ పైపులోకి చేరి ఉంటుంది, సెన్సర్ నిజమే చెబుతోంది. నాలుగైదు నిమిషాలు నడిపితే దిగాలి. దిగకపోతే అప్పుడు ఆలోచించండి.

అప్పుడు కూడా ముందు గాలి దారి చూడండి. ఎయిర్ ఫిల్టర్ బాక్సు మూత సరిగ్గా కూర్చోలేదా? బయటి గాలి తెచ్చే ముందు పైపు ఊడి, ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని పీలుస్తోందా? ఇంటర్‌కూలర్ ముందు ఆకులు, మట్టి పేరుకున్నాయా? ఇలాంటప్పుడు సెన్సర్ మారిస్తే కొత్త సెన్సర్ కూడా అదే అంకె చూపిస్తుంది.

4. కనెక్టర్ విప్పి కళ్ళతో చూడండి

దీనికి సమయం ఇవ్వండి. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్ తీసి, టార్చి వేసి లోపల చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము గానీ తెల్లటి పొడి గానీ ఉందా? నీటి తడి, ఆయిల్ జిడ్డు ఉన్నాయా? పిన్ను వంగిందా, వెనక్కి జారిందా? రబ్బరు సీలు ఉందా? వైరు కనెక్టర్‌లోకి దూరే చోట మెల్లగా వంచి చూడండి. పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగలు తెగి ఉండే చోటు అదే. వైరు మిగతా చోట కన్నా అక్కడ మెత్తగా, ఎముక లేనట్టు వంగితే లోపల తెగినట్టే.

కొద్దిపాటి చిలుము ఏం చేస్తుందిలే అనుకోకండి. లెక్క వేసి చూడండి. చాలా కార్లలో ఉండే ఒక రకం థర్మిస్టర్ సుమారు విలువలు ఇవి:

- 0 డిగ్రీల దగ్గర 5.9 కిలో ఓమ్స్
- 20 డిగ్రీల దగ్గర 2.5 కిలో ఓమ్స్
- 40 డిగ్రీల దగ్గర 1.2 కిలో ఓమ్స్
- 60 డిగ్రీల దగ్గర 600 ఓమ్స్
- 80 డిగ్రీల దగ్గర 320 ఓమ్స్

చిలుము వల్ల సర్క్యూట్‌లో 300 ఓమ్స్ అదనంగా చేరాయనుకోండి. పొద్దున 20 డిగ్రీల దగ్గర 2.5 కిలో ఓమ్స్ కాస్తా 2.8 అవుతుంది, రీడింగ్ రెండు మూడు డిగ్రీలే తగ్గుతుంది. రెండో మెట్టు పరీక్షలో కారు పాసైపోతుంది. అదే గాలి నిజంగా 80 డిగ్రీలున్నప్పుడు 320కి 300 కలిస్తే 620. ఈసీయూకి అది సుమారు 60 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఇరవై డిగ్రీల అబద్ధం! చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగుండి, వేడెక్కాక మాత్రమే తేడా చేసే కార్ల వెనక ఉండే కారణాల్లో ఇదొకటి. సెన్సర్ మార్చినా లైటు మళ్ళీ వెలగడం కూడా చాలాసార్లు ఇందువల్లే, కొత్త సెన్సర్‌ని అదే చిలుము పట్టిన ప్లగ్‌కి తగిలించారు కాబట్టి.

నీరు చేరితే మాత్రం కథ తిరగబడుతుంది. రెండు పిన్నుల మధ్య తడి ఇంకో దారి తెరుస్తుంది, రెసిస్టెన్స్ తగ్గుతుంది, రీడింగ్ నిజం కన్నా వేడిగా కనిపిస్తుంది.

శుభ్రం చేయడానికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. ఉప్పు కాగితంతో పిన్నులు రుద్దకండి, పైపూత పోతే ఇంకా త్వరగా చిలుము పడుతుంది.

5. కుదిపి చూడండి

ప్లగ్ పెట్టి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, గ్రాఫ్ చూస్తూ కనెక్టర్‌ని అటూ ఇటూ మెల్లగా కదపండి. తర్వాత వైరు పొడవునా చేతికి అందినంత దూరం ఒక్కో చోటే కదపండి. గీత ఎగిరిన చోటే లోపం. పీ0114 వచ్చినవాళ్ళు ఈ మెట్టు అసలు వదలొద్దు. ఏమీ కనపడకపోతే ఇంజిన్ వేడెక్కాక మళ్ళీ చేయండి. వేడికి సాగినప్పుడే విడిపోయే పిన్నులుంటాయి.

6. ప్లగ్ పీకినప్పుడు ఈసీయూ ఏమంటుంది?

సెన్సర్‌నీ వైరింగ్‌నీ విడదీసి చెప్పే పరీక్ష ఇది.

ఇగ్నిషన్ ఆపి ప్లగ్ తీయండి. మళ్ళీ ఆన్ చేసి స్కానర్ చూడండి. రీడింగ్ మైనస్ 40 కావాలి. అంతకుముందు 120 దాటి చూపించిన కారు ఇప్పుడు మైనస్ 40 చూపిస్తే షార్ట్ సెన్సర్ లోపలే ఉంది. ప్లగ్ పీకినా 120 దగ్గరే ఉంటే షార్ట్ వైరులోనో ఈసీయూలోనో ఉంది, సెన్సర్‌కి సంబంధం లేదు.

ఇప్పుడు రెండో సగం. ఇగ్నిషన్ ఆపి, వైరింగ్ వైపు ప్లగ్‌లోని రెండు పిన్నులనీ సన్నటి వైరు ముక్కతో కలపండి. ఆన్ చేస్తే రీడింగ్ 120 పైకి ఎగరాలి. ఎగిరితే వైర్లు, ఈసీయూ ఎక్కడా తెగలేదు. మైనస్ 40 కదలకపోతే వైరు ఎక్కడో తెగింది.

హెచ్చరిక: డయాగ్రమ్ లేకుండా వైరు ముక్కతో కలపడం రెండు వైర్ల సెన్సర్‌కే. ఎయిర్ ఫ్లో సెన్సర్ ప్లగ్‌లో 12 వోల్టుల వైరు కూడా ఉంటుంది. ప్రెషర్ సెన్సర్ ప్లగ్‌లో 5 వోల్టుల సరఫరా ఉంటుంది. తప్పు పిన్ను కలిపితే ఫ్యూజ్ పోవచ్చు, ఈసీయూ కూడా దెబ్బతినవచ్చు. డయాగ్రమ్‌లో పిన్ను నంబరు చూసుకోకుండా ఊహించి కలపకండి. ఇలాంటి ప్లగ్‌కి డయాగ్రమ్ లేకపోతే ప్లగ్ పీకే సగం చేసి ఆపండి.

వైరు ముక్క బదులు రెసిస్టర్ పెట్టడం ఇంకా మంచి పద్ధతి. పైన చెప్పిన రకం థర్మిస్టర్ ఉన్న కారులో 2.2 కిలో ఓమ్స్ పెడితే 23 డిగ్రీల దరిదాపుల్లో, 330 ఓమ్స్ పెడితే 80 దరిదాపుల్లో చూపించాలి. మొదటిది సరిగ్గా వచ్చి రెండోది బాగా తక్కువ చూపిస్తే వైరింగ్‌లో అదనపు రెసిస్టెన్స్ ఉన్నట్టే.

ఇంకో విషయం. కొన్ని కార్లలో సర్క్యూట్ తెగిందని గ్రహించగానే ఈసీయూ అసలు రీడింగ్ వదిలేసి, తనే ఒక ఊహ విలువ చూపిస్తుంది. ప్లగ్ పీకినా 20 లాంటి మామూలు అంకె కదలకుండా కనిపిస్తే సెన్సర్ బాగుందనుకోకండి. అలాంటి కారులో స్కానర్‌ని పక్కనపెట్టి ఎనిమిదో మెట్టులోలాగా వోల్టేజీ కొలవండి.

7. సెన్సర్ రెసిస్టెన్స్ కొలవండి

సెన్సర్‌ని బయటికి తీసి, గదిలో ఓ పావుగంట థర్మామీటర్ పక్కనే ఉంచండి. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండు పిన్నుల మధ్య కొలవండి. ఎటు వైపు ఎరుపు, ఎటు వైపు నలుపు అన్నది ఇక్కడ పట్టింపు లేదు. వచ్చిన అంకెని మీ కారు సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి. పైన ఇచ్చినవి ఒక రకానివే. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ ఉండేవీ, 30 కిలో ఓమ్స్ దాకా ఉండేవీ కూడా ఉన్నాయి. వేరే కారు అంకెలతో పోల్చి సెన్సర్ పోయిందని తేల్చేయడం తరచూ జరిగే తప్పు.

మీటరు అనంతం చూపిస్తే లోపల తెగింది. సున్నాకి దగ్గరగా చూపిస్తే షార్ట్.

ఇప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం దూరం నుంచి వేడి గాలి కొట్టండి. రెసిస్టెన్స్ ఎక్కడా గెంతకుండా దిగుతూ రావాలి, ఆపితే మెల్లగా ఎక్కాలి. ఎక్కడైనా గెంతినా, ఒక చోట ఆగిపోయినా సెన్సర్ పోయినట్టే. గది ఉష్ణోగ్రతలో సరైన అంకె చూపించి వేడికి తెగిపోయే సెన్సర్లు కూడా ఉంటాయి. అందుకే ఒక్క అంకెతో పాస్ చేయకండి.

సెన్సర్ కొసని వేళ్ళతో పట్టుకుని కొలవకండి, ఒంటి వేడి దానికి ఎక్కుతుంది. హీట్ గన్ వాడకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. వేడి నీళ్ళలో ముంచే పద్ధతి రెండు పిన్నుల విడి సెన్సర్‌కే, అదీ కొస మాత్రమే. ఎయిర్ ఫ్లో సెన్సర్‌ని గానీ ప్రెషర్ సెన్సర్‌ని గానీ నీళ్ళలో పెడితే పని అయిపోయినట్టే.

8. వోల్టేజీ, గ్రౌండ్

ప్లగ్ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, సిగ్నల్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలవండి. 5 వోల్టులకి దగ్గరగా ఉండాలి. లేకపోతే సిగ్నల్ వైరు తెగిందో, గ్రౌండ్‌కి తగులుతోందో చూడాలి. అదే మీటరుతో సిగ్నల్ పిన్నుకీ గ్రౌండ్ పిన్నుకీ మధ్య కొలిస్తే కూడా 5 రావాలి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే గ్రౌండ్ వైరు తెగింది.

తర్వాత ప్లగ్ పెట్టి వెనక నుంచి పిన్ను దూర్చి కొలవండి. మామూలు వాతావరణంలో సిగ్నల్ 1 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడో ఉంటుంది, వేడి చేస్తే తగ్గుతుంది. గ్రౌండ్ వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. చాలా కార్లలో సెన్సర్లన్నీ ఒకే గ్రౌండ్ పంచుకుంటాయి కాబట్టి, కూలెంట్, థ్రాటిల్ రీడింగులు కూడా తేడాగా ఉంటే గ్రౌండ్‌నే ముందు చూడండి.

మల్టీమీటర్ లావు ప్రోబ్‌ని ప్లగ్ ముందు వైపు రంధ్రంలో గుచ్చకండి. లోపలి పట్టు వెడల్పయిపోయి, పరీక్ష ముగిశాక పిన్నుని గట్టిగా పట్టుకోదు. లేని లోపాన్ని మీరే తెచ్చుకున్నట్టవుతుంది. వైరు తొడుగుని సూదితో పొడవడమూ అంతే, ఆ రంధ్రం గుండా తేమ చేరి వైరు లోపలే చిలుము పడుతుంది.

వైరు తెగిందని తేలితే రెండు కొసల మధ్య ఈసీయూ దాకా కొలవాలి. ఈసీయూ ప్లగ్ విప్పాల్సి వస్తుంది కాబట్టి ఆ పని ఎప్పుడూ చేయనివాళ్ళు ఇక్కడ ఆగి, మీ రీడింగులన్నీ రాసుకుని ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వండి. "లైటు వెలుగుతోంది" అనడం కన్నా "ప్లగ్ పీకితే సిగ్నల్ పిన్ను మీద 5 వోల్టులు రావడం లేదు" అని చెబితే ఆయన నేరుగా వైరు దగ్గరికి వెళ్తారు.

9. మురికి పట్టిందేమో చూడండి

ఓమ్స్ సరిగ్గానే వస్తున్నాయి, పీ0111 మాత్రం వదలడం లేదా? సెన్సర్ కొస మీద ఆయిల్, మసి పొర ఉందేమో చూడండి. పొర పట్టిన సెన్సర్ అంకె సరిగ్గానే చూపిస్తుంది, కాకపోతే ఆలస్యంగా. ఆయిల్ పూసే రకం ఎయిర్ ఫిల్టర్ వాడేవాళ్ళకీ, మ్యానిఫోల్డ్‌లో మసి పేరుకునే డీజిల్ కార్లకీ ఇది ఎక్కువ.

ఎయిర్ ఫ్లో సెన్సర్ క్లీనర్ కొట్టి, ముట్టుకోకుండా ఆరనివ్వండి. కార్బ్యురేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ వాడొద్దు. బ్రష్షూ గుడ్డా పెట్టి తుడవొద్దు, ముఖ్యంగా ఎయిర్ ఫ్లో సెన్సర్ లోపలి సన్న తీగ తగిలితే తెగుతుంది.

10. మార్చాల్సిందేనని తేలితే

పార్ట్ నంబరు చూసి తీసుకోండి. ఒకేలా కనిపించి, ప్లగ్ కూడా సరిపోయి, లోపలి థర్మిస్టర్ వేరే రకం అయ్యే అవకాశం ఉంది. బిగించే ముందే కొత్తదాని ఓమ్స్ కొలిచి మాన్యువల్‌తో చూసుకోండి. రబ్బరు రింగు కొత్తది వేయండి, అక్కడ గాలి లీకైతే ఇంకో కోడ్ వస్తుంది. ప్లాస్టిక్‌లోకి స్క్రూలా బిగించే రకమైతే చేత్తో తిప్పి, చివర్లో కొంచెమే బిగించండి.

సరైందో లేదో ఎలా తెలుస్తుంది?

కోడ్ చెరిపేయండి. పరీక్షల కోసం మీరు ప్లగ్ పీకినప్పుడు కొత్త కోడ్లు పడి ఉంటాయి, అవీ పోతాయి. లైటు ఆరిందని సంబరపడొద్దు, చెరిపితే ఏ లైటైనా ఆరుతుంది. మర్నాడు పొద్దున రెండో మెట్టు మళ్ళీ చేయండి, మూడు అంకెలూ కలవాలి. తర్వాత ఓ అరగంట నడిపి గ్రాఫ్ చూడండి. ఇంజిన్ పూర్తిగా వేడిగా ఉన్నప్పుడు కనెక్టర్ ఇంకోసారి కుదపండి. ఆ తర్వాత రెండు మూడు రోజులు మామూలుగా నడిపి, స్కానర్‌లో పెండింగ్ కోడ్లు చూడండి. లైటు వెలగడానికి ముందే చాలాసార్లు కోడ్ అక్కడ కనిపిస్తుంది.

అదే కోడ్ తిరిగి వస్తే నాలుగు, అయిదు మెట్లకి వెనక్కి వెళ్ళండి, ఇంకో సెన్సర్ కొనకండి. ముందు పీ0113 ఉండి ఇప్పుడు పీ0112 వచ్చిందంటే, మధ్యలో మీరు సరిచేసిన చోటే, అతికిన వైర్ల మధ్యో శుభ్రం చేసిన ప్లగ్‌లోనో, రెండు తీగలు తగులుతున్నాయేమో మొదట చూడండి.